'అక్టోబరు గొడుగు'లో నాలుగు సెకన్లు

గాంగ్‌గ్యంగ్
ఆగస్టు 24, 2015

చిన్నదానికి,

ఆరో నెలలో పట్టిన రొయ్యలు ఉప్పులో బాగా మగ్గాయి. ఒక డబ్బా పంపుతున్నాను. మూత మీద రెండు వరసల టేపు వేశాను. పోయినసారి వాసన వస్తోందని మీ వాచ్‌మన్ గొడవ చేశాడన్నావుగా. అందిన రోజే ఫ్రిజ్‌లో పెట్టు.

నా మోకాలు అలాగే ఉంది. తెల్లవారుజాము ప్రార్థనకి చర్చి మేడ మెట్లు ఎక్కలేక కింది వరసలోనే కూర్చుంటున్నాను.

మీ గ్రూపు పాట మళ్ళీ మొదలైంది. ఏదో సీరియల్లో పెట్టారట. మన కొట్టు పై అంతస్తులో పాటల గదులున్నాయి కదా, బడి వదలగానే పిల్లలు గుంపుగా వచ్చి 'అక్టోబరు గొడుగు' పెట్టుకుంటారు. బాగానే పాడతారు. చివరి లైనుకి ముందు ఆ చోటు వస్తుంది. అక్కడ వంతులవారీగా ఏడుస్తారు. ఏడ్చి నవ్వుతారు. మెషీను మార్కులు వేస్తుంది.

నిన్న పీతల కొట్టు యోమ్ గారు రొయ్యలు తూయించుకుంటూ ఆ ఏడుపు ఏడ్చి చూపించింది. "మీ చెల్లెలంత రాదనుకోండి. అయినా ఎలా ఉంది?" అంది. "ఉప్పు సరిపోయిందేమో చూడండి" అన్నాను. ఆవిడ వెళ్ళాక వెనక్కి పోయి కక్కుకున్నాను.

ముప్పై ఏళ్ళుగా ఈ పీపాల మధ్య ఉన్నాను. బస్సుల్లో వచ్చే పట్నం వాళ్ళు ముక్కు మూసుకుని ఫోటోలు దిగుతారు. నాకు ఈ వాసనకి ఒక్కసారీ కడుపులో తిప్పలేదు.

అక్టోబరు తొమ్మిదిన అమ్మ సంస్మరణ ప్రార్థన. పదిహేడోది. అక్టోబరులో నీకు పని ఉంటుందని తెలుసు. ప్రతి ఏడూ రాసినట్టే రాస్తున్నాను.

పెద్దక్క


సియోల్, మాంగ్‌వొన్
సెప్టెంబరు 2

పెద్దక్కా,

రొయ్యలు అందాయి. వాచ్‌మన్ తాత ఈసారి గొడవ చేయలేదు. "మీ అక్కగారు పంపారా? ఓ గరిటెడు..." అని గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. పోయినసారి పోట్లాడింది వాసనకి కాదట, వాటా ఇవ్వనందుకట!

నా పాటల క్లాసు ముసలమ్మలు కూడా సీరియల్ చూసి మీద పడ్డారు. "టీచరమ్మా, ఆ ఏడుపు మాకూ నేర్పించు." డెబ్బై ఆరేళ్ళావిడ, ఇద్దరు మొగుళ్ళని సాగనంపిన మనిషి, నన్ను ఏడవడం నేర్పమంటుంది. "నువ్వే నాకు నేర్పాలమ్మమ్మా" అంటే క్లాసంతా పడీ పడీ నవ్వారు.

అసలు సంగతి. పాతకాలం గ్రూపులన్నిటినీ మళ్ళీ వేదిక ఎక్కించే టీవీ కార్యక్రమం ఒకటి మొదలుపెట్టారు. మా నలుగురినీ పిలిచారు. నాకు ఇష్టం లేదు. గారమ్ వచ్చి నా వంటింట్లో కూర్చుంది. ఇప్పుడు ఇన్సూరెన్సు అమ్ముతోందిగా, మనిషిని కుర్చీలోంచి లేవనివ్వకుండా మాట్లాడ్డం వచ్చేసింది. "నువ్వు లేకపోతే మేం ముగ్గురం నీ వెనక చేతులూపిన వాళ్ళమే. మా అమ్మాయి నమ్మడం లేదే, నేను పాడేదాన్నంటే" అంది. సరేనన్నాను.

వాళ్ళ రైటరు మిన్ అని, ఇరవై ఏడేళ్ళుంటాయేమో, చాలా మర్యాద. నిన్న ప్రాక్టీసులో స్టాప్‌వాచ్ పట్టుకుంది.

"సీనియర్ గారూ, క్యాసెట్‌లో ఏడుపు సరిగ్గా నాలుగు సెకన్లండీ. హాల్లో ఆరు దాకా వెళ్ళినా ఫర్వాలేదండీ."

"ఆ రెండు సెకన్లకీ ఎవర్ని చంపాలమ్మా?" అన్నాను.

నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది.

ఈ పాట కట్టిన హ్వాంగ్ గారు ప్రతి ఇంటర్వ్యూలో చెప్పే కథ నీకు తెలుసు: పాట మధ్యలో ఇంటి నుంచి తల్లి పోయిందన్న కబురొచ్చింది, పిల్ల ఏడ్చింది, అందరూ నిర్ఘాంతపోయి టేపు ఆపడం మరిచిపోయారు. దేశమంతా దానికి కళ్ళు తుడుచుకుంటుంది. నాకైతే నా పళ్ళు తోముకునే బ్రష్షుతో ఊరంతా తోముకుంటున్నట్టు ఉంటుంది. పదిహేడేళ్ళుగా.

రికార్డింగు తొమ్మిదో తేదీనే. హాలు ఆ ఒక్కరోజే దొరికిందట. ఈ ఏడు కూడా రాలేను.

ఫోన్ చేయొచ్చుగా అనకు. హాస్టల్లో ఫోన్ ఉండేది కాదు కదా, నీ గొంతు కంటే నీ అక్షరాలే నాకు బాగా తెలుసు. అప్పట్లో టక్ మేనేజరు మన ఉత్తరాలు విప్పి చదివాకే నా చేతికిచ్చేవాడు. అందుకే నువ్వు రొయ్యల గురించీ వాన గురించీ తప్ప రాసేదానివి కాదు. ఇప్పుడెవరూ విప్పడం లేదక్కా. నాలుగు లైన్లు ఎక్కువ రాయి.

నారే


గాంగ్‌గ్యంగ్
సెప్టెంబరు 10

నారేకి,

పాడు. గారమ్ కూతురి కోసం పాడు. ఏడవకు.

ఎక్కువ రాయమన్నావు. ఒకటి రాస్తాను. రోజూ ప్రార్థనలో నీ పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు ఆ ఏడుపు వినిపిస్తుంది. ఆమెన్ అనేసి లేస్తాను. నీ కోసం మొదలుపెట్టిన ప్రార్థన పదిహేడేళ్ళుగా ఒక్కసారీ పూర్తి చేయలేదు.

టీవీ వాళ్ళు ఏ కాగితం పెట్టినా చదవకుండా సంతకం చేయకు.

పెద్దక్క


సియోల్
సెప్టెంబరు 19

పెద్దక్కా,

ఈసారి జోకులు లేవు.

అప్పటి మా రికార్డింగు ఇంజనీరు పోయిన ఏడు రిటైరయ్యాడు. ఒక పెట్టె పాత కాగితాలు టీవీ వాళ్ళకి ఇచ్చాడు. అందులో ఆ రోజు నువ్వు చర్చి ఆఫీసు నుంచి పంపిన ఫ్యాక్సు ఉంది. మిన్ దాని నకలు నా ముందు పెట్టి, "దీన్ని వెనక తెర మీద పెద్దగా వేస్తామండీ" అంది. నేను దాన్ని ఇంతవరకూ చూడలేదక్కా. విన్నాను, అంతే.

నీ అక్షరాలే. "నారే, అమ్మ ఈ తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్ళింది. ఎక్కువ బాధపడలేదు. త్వరగా రా. పెద్దక్క."

పైన అంచు మీద మెషీను కొట్టిన టైము ఉంది. ఉదయం 6:10.

నాకు చదివి వినిపించింది సాయంత్రం నాలుగింటికి.

నీకు చెప్పనిది చెప్తాను. టేపు ఆపడం ఎవరూ మరిచిపోలేదు. ఆ పూట చివరి చరణం పదహారుసార్లు పాడాను. హ్వాంగ్ గారికి నచ్చలేదు. "మిఠాయి లాక్కున్నట్టు ఏడుస్తోంది. దీనికి ఇంతవరకూ ఎవరూ పోలేదు, అదీ దీని జబ్బు" అన్నాడు. అద్దం అవతల అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పదిహేడోసారి, చివరి లైనుకి ముందు వాయిద్యాలు నడుస్తుండగా, హెడ్‌ఫోన్లలో ఆయన గొంతు వచ్చింది. "నారే, మీ ఇంటి నుంచి కాగితం వచ్చింది. చదువుతాను, విను." చదివాడు. మెల్లగా, తాళం తప్పకుండా చదివాడు. రికార్డింగు ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. నా నోట్లోంచి ఆ చప్పుడు వచ్చింది. "ఊఁ, తర్వాతి లైను" అన్నాడు.

పాడానక్కా. 'గొడుగు తిరిగివ్వడానికైనా ఒకసారి రా' అని పాడాను. ఒక్క స్వరం తప్పలేదు. వాళ్ళంటే ఎంత రోతో, నాకు నేనంటే అంత రోత.

ఆ గొంతు మళ్ళీ రాదని, పాట మొదటి నుంచీ మళ్ళీ పాడించారు. మర్నాడు పొద్దున కారెక్కించారు. పదకొండూ ఇరవైకి ఆసుపత్రి అంత్యక్రియల గదికి వచ్చాను. అప్పటికే శవపేటిక మూత వేసేశారు. అమ్మ ముఖం చూడలేదు.

ఇన్నాళ్ళూ కబురు సాయంత్రమే వచ్చిందనుకున్నాను. నువ్వు ఏడుస్తూ, మనుషుల్ని పిలుస్తూ, ఆలస్యంగా పంపావనుకున్నాను. పది గంటలక్కా. టెర్మినల్ నుంచి బస్సులో మూడు గంటలు. మధ్యాహ్నం భోజనానికి అమ్మ పక్కనుండేదాన్ని.

టక్ మేనేజరుకి ఫోన్ చేశాను. ఇప్పుడు కోడి వేపుళ్ళ కొట్టు నడుపుతున్నాడు. నూనె చిటపటల మధ్య, "నన్నెందుకు అడుగుతావు? మీ అక్కని అడుగు" అన్నాడు.

అడుగుతున్నాను.

నారే


గాంగ్‌గ్యంగ్
సెప్టెంబరు 23

నారేకి,

చుసోక్ పండగ ముందు కొట్టులో ఊపిరాడటం లేదు. కొత్త డబ్బా పంపుతున్నాను, పెద్దది. ముసలమ్మలకీ పెట్టు. తీరిక చూసుకుని రాస్తాను.

పెద్దక్క


సియోల్
సెప్టెంబరు 30

శ్రీమతి బే సున్‌రే గారికి,

మీ ఉత్తరం అందింది. అందులో రొయ్యలున్నాయి, పండగ ఉంది, తీరిక లేదు. నేను అడిగినది లేదు. ఇప్పుడు మన ఉత్తరాలు విప్పే మేనేజరు లేడని గుర్తుచేస్తున్నాను.

డబ్బా మూత విప్పకుండా తిరిగి పంపుతున్నాను. మీ ఇంటి నుంచి వచ్చినది తిరిగి పంపడం ఎంత మర్యాద తక్కువో తెలిసే పంపుతున్నాను.

మిన్ రైటరు ఇవాళ ఏమందో తెలుసా అండీ? "పెద్దక్కగారు మాకు చాలా బాగా సహకరించారండీ" అంది. ఎప్పుడని అడిగితే నాలిక కరుచుకుంది.

మీరు వీళ్ళని కలిశారా?

బే నారే


గాంగ్‌గ్యంగ్
అక్టోబరు 4

నారే,

డబ్బా వచ్చింది. కౌంటరు మీద పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళు ఎక్కడికి పంపుతున్నారని అడుగుతున్నారు. తిరిగొచ్చిందని చెప్తున్నాను.

కలిశాను. సెప్టెంబరు ఎనిమిదిన ఆ అమ్మాయి కొట్టుకి వచ్చింది. వాసనకి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, చిరునవ్వు మాత్రం చెదరలేదు. నోట్లో పుదీనా బిళ్ళ పెట్టుకుని నాకూ ఒకటి ఇవ్వబోయింది. తర్వాత ఆ ఫ్యాక్సు తీసింది. నకలు కాదు, అసలుది.

నీ దగ్గరున్న కాగితంలో పై లైను లేదు. అసలు దానిలో ఉంది. "మేనేజరు గారికి: రికార్డింగు అయ్యాకే దీన్ని నారే చేతికివ్వండి." అదీ నా రాతే.

"ఈ లైను మేం తీసేస్తామండీ, ఎవరికీ తెలియదు" అంది. "మీరు వేదిక మీదకొచ్చి మిగతాది చదివితే చాలు. చెల్లెలికి చెప్పకండి పెద్దక్కగారూ, ముందే తెలిస్తే ముఖంలో ఆ భావం రాదు. కాగితం మీది తేదీకే హాలు తీసుకున్నాం. భలే కుదిరింది కదండీ!"

చీపురు నా చేతిలోనే ఉంది. ఊడ్చి పారేయాల్సింది. ప్రార్థించి చెప్తానన్నాను.

నారే, నేను ప్రార్థించలేదు. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని లెక్క చూసుకున్నాను. వేదిక ఎక్కితే ఆ లైను పోతుంది. నీకు మంచి అక్కగా మిగిలిపోతాను. రెండు వారాలు ఆ ఆశతో ఉన్నాను. ఆ ఆశతోనే కూర్చుని నీకు 'ఏడవకు' అని రాశాను. ఫ్యాక్సు గురించి నీ ఉత్తరం వచ్చాక ఆ అమ్మాయికి ఫోన్ చేసి రానన్నాను. నీకు మాత్రం రొయ్యలు పంపాను.

ఇప్పుడు ఆ రోజు.

అమ్మ ఐదు కావడానికి పది నిమిషాలుండగా పోయింది. ఆసుపత్రి ఫోన్ నుంచే మీ ఆఫీసుకి చేశాను. టక్ ఎత్తాడు. నిద్ర గొంతు. చెప్పగానే "అయ్యో" అన్నాడు. తర్వాత అన్నాడు: "అక్కగారూ, ఇవాళ ముఖ్యమైన పాట. ఇప్పుడు చెప్తే పిల్ల పాడలేదు. ఇది పోతే గ్రూపే పోతుంది. సాయంత్రానికి అయిపోతుంది. నేనే బండి కట్టించి పంపిస్తాను."

సరే అన్నాను.

"నోటితో చెప్పాలంటే పొద్దుటి నుంచీ నా ముఖం చూసి కనిపెట్టేస్తుంది. మీ చేత్తో రాసి పంపండి, పని అవగానే ఇస్తాను" అన్నాడు. చర్చికి వెళ్ళాను. తెల్లవారుజాము ప్రార్థన నడుస్తోంది, పాట వినిపిస్తోంది. పక్కన ఆఫీసు గదిలో నిలబడి రాశాను. ముందు నీకు రాశాను. తర్వాత పైన ఖాళీ ఉంటే ఆ లైను రాశాను. వయసులో పెద్దవాడు, మాటిచ్చాడు, కాగితం మీద రాసిపెడితే కట్టుబడతాడనుకున్నాను.

అమ్మే చెప్పొద్దంది అని రాద్దామని ఈ వారమంతా అనుకున్నాను. నువ్వు నమ్మేదానివి. అమ్మ అలా అనలేదు. "చిన్నది ఎక్కడ?" అంది. రెండుసార్లు అంది.

మరెందుకు సరే అన్నానంటావు. పెళ్ళికి ముందు చర్చి క్వాయర్‌లో ముందు వరస నాది. పీపాలు కడగడానికి వచ్చాక మానేశాను. మన ఇంట్లో ఒక్క గొంతైనా ఈ ఊరు దాటి వినపడాలని ఉండేది. నీ కోసమే అని చెప్పుకున్నాను. నా కోసం.

మర్నాడు పది గంటలకి అమ్మకి బట్టలు మార్చి పేటికలో పెట్టారు. మూత పట్టుకుని నిలబడ్డారు. పాస్టరు గారు కాస్త ఆగుదామన్నారు. మీ ఆఫీసుకి నాలుగుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. బాబాయి "ఇంకెంతసేపమ్మా" అన్నాడు. ఇక వేయండి అన్నది నేనే. గంటా ఇరవై నిమిషాలు ఆగలేకపోయాను.

కాగితాన్ని వాళ్ళు అలా వాడుకున్నారని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. తెలియకపోయినా ఆ ఏడుపు వింటే కడుపులో తిప్పేది. పాటంటే రోత అనుకునేదాన్ని.

నువ్వు తర్వాతి లైను పాడినందుకు నిన్ను నువ్వు అసహ్యించుకోకు. అంతకు పది గంటల ముందే నేను సరే అన్నాను.

తొమ్మిదిన ఏం చేస్తావో నీ ఇష్టం. రమ్మని అడగను.

సున్‌రే


సియోల్
అక్టోబరు 12

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు చింపేద్దామనుకున్నాను.

తొమ్మిదిన వెళ్ళాను. నీ మీద కోపంతో కాదు, గారమ్‌కి మాటిచ్చాను కాబట్టి. ముందు మిన్‌ని పట్టుకున్నాను. "వేస్తే కాగితం మొత్తం వెయ్యి, లేకపోతే అసలు వద్దు" అన్నాను. మొత్తం వేస్తే నీ పేరు పోతుందని తెలుసు. పోనీ అనుకున్నాను. అదీ రాస్తున్నాను.

"పై లైను ఉంటే జనానికి ఎవరి మీద జాలి పడాలో తెలియదండీ" అంది. అబ్బ, ఎంత తేలిగ్గా అందనుకున్నావు, కాఫీలో పంచదార వద్దన్నట్టు!

హ్వాంగ్ గారిని ముఖ్య అతిథిగా తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. జుట్టుకి నల్లరంగు, మెడ దగ్గర పట్టు రుమాలు. వెనక తెర మీద నీ అక్షరాలు మనిషంత ఎత్తున, తల తెగ్గోసినట్టు పై లైను లేకుండా. పాట మొదలైంది. ఆ చోటు దగ్గర పడుతుంటే ఆయన చెయ్యి లేచింది. మోకాలి మీద నుంచి కొద్దిగా లేచి, వేళ్ళు ఆడిస్తూ నాకు సంజ్ఞ చేస్తున్నాడు. ఊఁ, ఇప్పుడు, ఊఁ. పెంపుడు కుక్కని కూర్చోమన్నట్టు.

నోరు మూసుకున్నాను. పళ్ళు గట్టిగా బిగించాను. నాలుగు సెకన్లు ఎంత పొడుగో తెలుసా? హాల్లో దగ్గు కూడా వినపడలేదు. ఆయన వేళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

తర్వాతి లైను కూడా పాడలేదు. గారమ్ అందుకుంది. ఎవరూ చెప్పలేదు, దానంతటదే అందుకుంది. పాత గొంతు, కొంచెం బొంగురు, ఎంత బాగుందనుకున్నావు! ఇన్నేళ్ళూ నా పక్కన మైకు ఆపేసి నిలబెట్టారు ఆ గొంతుని. మొదటి వరసలో దాని కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

దిగాక హ్వాంగ్ గారు వచ్చాడు. "ఏమ్మా, గొంతు పోయిందా?"

"లేదండీ. ఈసారి మా ఇంట్లో ఎవరూ పోలేదు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేయాలో తెలియక నవ్వారు. అప్పటిలాగే. నేను మాత్రం నవ్వలేదు.

ఇక నీ సంగతి. కోపం పోలేదు. పోతుందని కూడా రాయను. ఆ ఉత్తరంలో ఒక చోట ఆగిపోతున్నాను. 'చిన్నది ఎక్కడ' అని రెండుసార్లు అందన్నావు. ఎలా అంది? ఏ గొంతుతో? నువ్వొక్కదానివే విన్నావు. దాచకుండా రాయి.

నారే


గాంగ్‌గ్యంగ్
నవంబరు 2

నారేకి,

మొదటిసారి గొంతు లేదు. పెదవులే. దగ్గరికి వంగి చూసి తెలుసుకున్నాను. రెండోసారి గొంతు వచ్చింది. కొంచెం విసుక్కుంది. చిన్నప్పుడు నువ్వు నది గట్టు మీద ఆడుకుంటూ అన్నం వేళకి రాకపోతే గుమ్మంలో నిలబడి అడిగేది చూడు, "చిన్నది ఎక్కడే?" అని, అలాగే. భయం లేదు. నువ్వు పక్క వీధిలో ఉన్నట్టే అడిగింది. "వస్తోందమ్మా" అన్నాను. తలాడించింది. అంతే. ఇంకేం లేదు, ఏం దాచలేదు.

కార్యక్రమం శనివారం వచ్చింది. యోమ్ గారి కొట్టులో పెద్ద టీవీ ఉంది, వీధి ఆడవాళ్ళందరూ చేరారు. నన్నూ లాక్కెళ్ళి మధ్యలో కూర్చోబెట్టారు.

నువ్వు నోరు మూసుకున్న చోట వాళ్ళు పాత క్యాసెట్‌లోని ఏడుపు అతికించారు. నీ పెదవులు బిగించి ఉన్నాయి. ఏడుపు మాత్రం వినిపించింది. పంతొమ్మిదేళ్ళ నీ ఏడుపు, ముప్పై ఆరేళ్ళ నీ ముఖం మీద. తర్వాత జనం కళ్ళు తుడుచుకోవడం చూపించారు. చివరి లైను కూడా పాత క్యాసెట్‌దే. గారమ్ గొంతు లేదు. దాని కూతురు నోటికి చేతులు అడ్డం పెట్టుకోవడం మాత్రం ఉంచారు, నీ ఏడుపుకి కదిలిపోయినట్టు.

యోమ్ గారు నా భుజం చరిచింది. "చూశారా, నోరు కూడా కదపకుండా ఎలా ఏడ్చిందో! గాయని అంటే అదీ!" అంది. మిగతావాళ్ళు ముక్కులు చీదుతూ అవునవునన్నారు.

లేచి నిలబడ్డాను. మోకాలు పట్టేసింది, యోమ్ గారి భుజమే పట్టుకోవాల్సి వచ్చింది.

"అది ఇవాళ్టి ఏడుపు కాదు" అన్నాను. "మా అమ్మ పోయిన రోజుది. కబురు పొద్దునే పంపాను. సాయంత్రం దాకా దానికి ఇవ్వొద్దని కూడా నేనే రాసి పంపాను. ఆ కాగితం దాని చెవిలో చదివి ఏడిపించారు. మీరందరూ ఏడ్చి చూపించేది అదే."

ఒకావిడ టీవీ ఆపింది. నేను వచ్చేశాను.

రెండు రోజులు కొట్టు ముందు నుంచి తలలు తిప్పుకుని వెళ్ళారు. నా మీద అసహ్యమో, తమ మీదో తెలియదు. అడగలేదు. ఇవాళ మధ్యాహ్నం యోమ్ గారు గిన్నె తెచ్చింది. "అరకిలో" అంది. తూచి పోశాను. వెళ్ళబోతూ ఆగి, "మీ చెల్లెలు నోరు మూసుకున్నప్పుడు, అసలైతే ఏం వినిపించేది?" అంది. "ఏమీ వినిపించేది కాదు" అన్నాను. గిన్నె మీద మూత వేసుకుని వెళ్ళిపోయింది.

పైన పిల్లలు ఇంకా పాడుతూనే ఉన్నారు. ఏడుస్తూనే ఉన్నారు.

ఇవాళ తెల్లవారుజామున నీ పేరు దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే ఆ శబ్దం వచ్చింది. లేవలేదు. అది అయ్యేదాకా కూర్చున్నాను. అయ్యాక తర్వాతి మాట చెప్పాను.

పెద్దక్క


సియోల్
నవంబరు 11

అక్కా,

కార్యక్రమం నేను చూడలేదు. గారమ్ కూతురు చూసింది. "అక్కడ మా అమ్మ పాడింది, నేను విన్నాను" అని బళ్ళో అందరితో పోట్లాడి వచ్చిందట. ఒక్కర్తయినా విన్నది.

క్షమించానని రాయడం లేదు. రాస్తే అది కూడా అతికించిన ఏడుపులాగే ఉంటుంది. 'వస్తోందమ్మా' అన్నావు చూడు, ఆ మాట దగ్గర కూర్చుని ఉన్నాను. అక్కడి నుంచి ఇంకా లేవలేదు.

కిమ్చీ వేయడానికి ఇక్కడి మార్కెట్‌లో రొయ్యలు కొన్నాను. ఛీ, తీపి కలిపారక్కా. ఉప్పు రొయ్యల్లో తీపి! వాచ్‌మన్ తాత రుచి చూసి, గిన్నె నా చేతికే తిరిగిచ్చేశాడు. నీ కౌంటరు మీద డబ్బా ఇంకా ఉంటే పంపు.

వచ్చే ఏడాది అక్టోబరు తొమ్మిదికి పాడమని ఒక ఊరి వాళ్ళు అప్పుడే ఫోన్ చేశారు. కుదరదన్నాను. ఎందుకని అడిగారు.

ఆ రోజు మా ఇంట్లో పని ఉందని చెప్పాను.

నారే